పళ్ళెంలో దారి

చాలా ఏళ్లుగా నాకొక సందేహం. పూజలో వస్త్రం లేకపోతే అక్షతలు వేసి వస్త్రమనుకోమంటారు. ఆభరణానికీ అక్షతలే, సింహాసనానికీ అక్షతలే. మనం అనుకుంటాం సరే, అమ్మవారు అనుకుంటుందా?

మనుషులైతే అనుకోరు. మూడేళ్ల కిందట వరలక్ష్మీ వ్రతానికి రవికె గుడ్డ ఒకటి తక్కువైంది. మా ఇళ్ల ప్లాట్ల వెంచర్ అంచున ఉండే లింగమ్మకు పెట్టాల్సినది మావారి ఆఫీసరు గారి భార్యకు పెట్టేశాను. లింగమ్మ చేతిలో నాలుగు అక్షతలు పోసి, "రవికె గుడ్డ అనుకో, రేపిస్తాను" అన్నాను.

"బియ్యంతోని జాకెట్ కుట్టే టైలర్ శంషాబాద్‌ల లేడక్కా" అని నవ్వింది. ఆ రేపు రాలేదు.

ఈ ఏడు వ్రతం రోజు పొద్దున లింగమ్మ మామిడాకులు తెచ్చింది. అప్పుడే, పూలకు వెళ్లిన మావారు గుమ్మంలో కూలబడ్డారు.

"పాము," అన్నారు. పాదం మీద రెండు గాట్లు.

"కదలకుండ్రి సారూ!" అని లింగమ్మ ఆయన్ని పడుకోబెట్టింది. నేను అంబులెన్సుకు ఫోన్ చేసి లొకేషన్ పంపాను. పావుగంటకు డ్రైవరు ఫోన్ చేశాడు.

"అమ్మా, మ్యాప్ గోడ కాడికి తెచ్చింది. ముంగట తొవ్వ లేదు!"

చెప్పబోయాను. నెత్తి మీద విమానం దిగుతోంది, నా మాట నాకే వినపడలేదు. దాని వెనకే ఇంకొకటి. మావారి కనురెప్పలు వాలిపోతున్నాయి.

లింగమ్మ పూజ పళ్ళెం లాక్కుంది. ఈ ప్లాట్లన్నీ ఒకప్పుడు వాళ్ల జొన్న చేలు. అక్షతలు గీతగా పోసింది.

"ఇది గోడ. ఈ పువ్వు వాని బండి. ఈ వక్క నీళ్ల ట్యాంకు, దానెనుక గోడ కూలింది, అందులకెళ్లి బండి దూరతది. పసుపు ముద్ద మీ ఇల్లు."

"అది గణపతి, లింగమ్మా!"

"జరసేపు ఇల్లైతడు, ఏమనడు."

"మరి బడి, హోటలు?"

"గవన్నీ ఎందుకు? నీ ఫోన్‌ల అన్నీ ఉన్నయ్, గోడొక్కటి లేదు. తొవ్వకు కావాల్సినయే పెట్టిన. ఫోటో కొట్టు!"

ఫోటో పంపి, ఏది ఏమిటో కింద రాశాను. చూసినట్టు నీలం గుర్తు పడింది. మావారి ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. ఇంకో విమానం పోయింది. ఆ హోరు తగ్గాక సైరన్ వినిపించింది.

"పసుపిల్లు ఇదేనా?" అంటూ డ్రైవరు దిగాడు.

ఐదో రోజు ఆసుపత్రి నుంచి మావారిని ఇంటికి పంపారు. ఆ డ్రైవరే పసుపును ఇల్లనుకున్నప్పుడు, అమ్మవారు అనుకోదా అనిపించింది. కానీ లింగమ్మ సంగతి వేరు.

మరుసటి శుక్రవారం వ్రతం చేసుకుని, ఆకుపచ్చ రవికె గుడ్డ ఆమె చేతిలో పెట్టాను. "ఇది మూడేళ్ల కిందటిది," అన్నాను.

విప్పి మూరేసి చూసుకుంది. "సరిపోతదక్కా," అని మడిచి, టైలర్ దగ్గరికి బయలుదేరింది.