దిబ్బ దగ్గర్నుంచి చూస్తే

హలో, వినబడుతోందా అండీ? భోజనాలయ్యాయా? అయితే ఒక్క పది నిమిషాలు చెవి ఇటు పడేయండి. మా నది గట్టు మీద కుట్టుమిషను పెట్టుకున్న సంచులక్క సంగతి చెబుతాను. పేరున్న మనిషేం కాదు. పేపర్లో ఫొటో ఎప్పుడూ పడలేదు.

నేను చెప్పబోయే రోజు పొద్దున్న కూడా ఆమె ఎప్పట్లాగే ఓ పాత లైఫ్ జాకెట్టును ఒళ్ళో వేసుకుని, పిడికిలితో గట్టిగా నొక్కి వదిలి, లోపల్లోపల అంకెలు లెక్కపెడుతోంది. మూడు అనేలోపు లోపలి స్పాంజి పొంగితే జాకెట్టు బతికున్నట్టు. అయిదు దాటితే పోయినట్టే. పోయినదాన్ని ఎవరూ పొరపాటున తొడుక్కుని నీళ్ళలో దిగకుండా అక్కడికక్కడే నిలువునా కత్తిరించేస్తుంది. తర్వాత ఆ నారింజరంగు గుడ్డతో సంచులు కుడుతుంది.

సంచికి ధరంటూ లేదు. పక్కనున్న డబ్బాలో ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు. వాళ్ళు వేసేటప్పుడు ఆమె కళ్ళు సూది మీదే ఉంటాయి. "ఎంత వేశారో చూస్తే మొహం మారిపోతుందయ్యా, నాదీ, వాళ్ళదీ" అంటుంది.

డబ్బా తాళంచెవి కెప్టెన్ దగ్గర ఉంటుంది. కెప్టెన్ అంటే ఓడ నడిపేవాడు కాదు, స్కూలు బస్సు డ్రైవరు. పిల్లల్ని దింపేశాక, తనలాంటి మరో ఆరుగురితో కలిసి పడవేసుకుని నది కాపలా తిరుగుతాడు. మునిగిపోయేవాళ్ళని పైకి లాగుతారు. జీతం లేదు, భత్యం లేదు. ఇంజనులోకి డీజిలు, తాళ్ళు, జాకెట్లు, అన్నీ జనం ఇచ్చే చందాలతోనూ, ఆమె సంచులతోనూ నడవాల్సిందే.

సంచులక్కది అరవై దాటిన ఒళ్ళు, ఎండుపుల్లలా ఉంటుంది. ఏళ్ళ తరబడి మిషను మీద వంగి వంగి కుడిభుజం కిందికి జారిపోయింది. కళ్ళజోడు కాడ విరిగితే దారంతో చుట్టుకుంది. ఏ గుడ్డముక్క చూపించినా, అది ఎవరికోసం ఏ ఏడాది కుట్టిందో చెప్పేస్తుంది.

"వదినా, నా తువ్వాలు దాచేసుకున్నాను. నీ కత్తెర కంటబడితే మిగలదు" అన్నాడు పక్క టీకొట్టాయన.

అతని ఎగతాళికి కారణముంది. కిందటేడు కెప్టెన్ తన జాకెట్టును ఆమె మేకుకి తగిలించి టీ తాగడానికెళ్ళాడు. గ్లాసు ఖాళీ చేసి వచ్చేసరికి అది ఆమె లెక్కలో అయిదు దాటి, సంచి అయిపోయి, ఎవరి చేతిలోనో కూరగాయలు మోసుకుంటూ వీధి మలుపు తిరిగింది.

"నీ తువ్వాలుతో సంచి కుడితే డబ్బాలో వేసిన డబ్బులు కూడా వెనక్కి తీసుకుపోతారులే" అంది సంచులక్క.

టీకొట్టాయన పడీపడీ నవ్వాడు. కానీ ఆ రోజు ఆమె చెయ్యి మాటిమాటికీ ఆగుతోంది. నది వైపు చూస్తోంది. ఆ సాయంత్రం కొత్త పడవ నీళ్ళలోకి దిగుతుంది. కాపలావాళ్ళలో ఒక పద్ధతుంది. కొత్త పడవ మొదటి చుట్టు, గట్టు మీద చందాకోసం అందరికన్నా ఎక్కువకాలం కూర్చున్నవాళ్ళది. అంటే ఆమెదే.

ఆమెకు షికారు మీద మోజేం లేదు. ఇరవై ఒక్కేళ్ళ కిందట, ముసురు పట్టిన ఓ ఉదయం, ఆమె భర్త అవతలి ఒడ్డుకి కూలిపనికి వెళ్తుంటే నది మధ్య ఇసుకదిబ్బ దగ్గర పడవ తిరగబడింది. అప్పటికి కాపలా లేదు, జాకెట్లు లేవు. ముసురుకి శాలువా కప్పుకుని, గట్టు మీద జనంలో నిలబడి ఆమె అరిచింది. దూరంగా అతని చెయ్యి ఒకసారి లేచింది, మళ్ళీ కనబడలేదు. తనను చూసి ఎత్తాడా, ఊరికే నీళ్ళమీద కొట్టుకున్నాడా? దిబ్బ దగ్గర్నుంచి చూస్తే గట్టు మీద మనిషి కనబడుతుందా? ఒక్కసారి అక్కడికెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే తెలిసిపోతుంది. పాత పడవలో అడుగుదామనుకుంటే, అది కాపలావాళ్ళని మోయడానికే ఆయాసపడేది.

సాయంత్రం కెప్టెన్ ఆమెకు కొత్త జాకెట్టు తొడిగాడు. అది ఒంటిమీద వేలాడుతుంటే నడుం పట్టీని ఆఖరిదాకా బిగించాడు.

"ఊపిరాడుతోందా అక్కా?"

"నువ్వు పక్కకి జరిగితే ఆడుతుంది" అంది. అందరూ నవ్వారు.

ఆమె పడవెక్కి కూర్చుంది. ఇంజను అందుకుంది. అంతలో ఎగువ మెట్ల వైపు నుంచి కేకలు. బట్టలు ఉతుక్కుంటున్న ఒకావిడ జారిపోయిందట. కెప్టెన్ సంచులక్క మొహంలోకి చూశాడు. 

సంచులక్కే లేచింది. "చూస్తావేంటయ్యా! ఆవిడకి చోటు కావాలిగా" అంటూ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగిపోయింది. పడవ వెళ్ళిపోయింది. ఆమె జాకెట్టుతోనే గట్టెక్కి నిలబడింది. ప్రవాహం ఆ మనిషిని దిబ్బదాకా ఈడ్చుకుపోయింది. పడవ వెంటపడింది. గట్టు మీద సంచులక్క చెయ్యెత్తి ఊపుతూనే ఉంది, ఎవరికో తనకే తెలియకుండా.

వెలుగు తగ్గుతుండగా పడవ తిరిగొచ్చింది. బతికిన మనిషి దుప్పట్లో వణుకుతూ ఏడుస్తోంది. ఆమెను ఇంటివాళ్ళకి అప్పగించి కెప్టెన్ పరుగున వచ్చాడు.

"అక్కా! దిబ్బ దగ్గర్నుంచి చూశాను. కనబడ్డారు! చెయ్యి ఊపడం కూడా కనబడింది."

 ఆమె జాకెట్టు మీద వేలు పెట్టి, "ఇది వేసుకున్నాను కదయ్యా. మంటలా ఉంది, కనబడకేం?" అంది. మళ్ళీ తనే, "ఆయన పోయిన రోజు నేను ఏ శాలువా కప్పుకున్నానో ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తుకు రావడంలేదు" అంది.

"పొద్దున్నే వచ్చేయండి. మిమ్మల్ని దిబ్బకి తీసుకెళ్తాను. గట్టు మీద ఎవరినైనా నిలబెడదాం. మీరే చూద్దురుగాని."

"వస్తాను. నువ్వు బస్సెక్కకముందే వస్తాను."

మర్నాడు ఆమె రాలేదు. బస్సు వేళ దగ్గరపడుతుంటే కెప్టెనూ, టీకొట్టాయనా ఆమె గదికి వెళ్ళారు. తలుపు చేరవేసి ఉంది. పెట్టెలోని బట్టలన్నీ మంచం మీదికీ నేలమీదికీ తీసి ఉన్నాయి. వాటి మధ్య ఆమె గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నిద్రలోలాగే ఉంది. టీకొట్టాయన "వదినా" అని రెండుసార్లు పిలిచి, మూడోసారి పిలవలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె ఒళ్ళో మాత్రం ఓ పాత శాలువా మడత పెట్టి ఉంది. బురదనీటి రంగుది. వరదప్పుడు మా నది ఉండే రంగు.

అన్నీ అయ్యాక కాపలావాళ్ళలో ఒకడు అన్నాడు, "అన్నా, ఈ శాలువాను గట్టు మీద కర్రకి కట్టి, దిబ్బ దగ్గరికెళ్ళి కనబడుతుందేమో ఒకసారి చూద్దామా?"

కెప్టెన్ శాలువాను గుండెలకి హత్తుకుని, "వద్దురా" అన్నాడు. దాన్ని తీసుకెళ్ళి కాపలావాళ్ళ గదిలో కిటికీ పక్కన తగిలించాడు.

నీళ్ళ పక్కన బతికే మీవాళ్ళెవరైనా ఉంటే ఈ నాలుగు మాటలూ వాళ్ళ చెవిన వేయండి. మీ దగ్గరా ఇలా కాపలా తిరిగేవాళ్ళుంటే, వాళ్ళ డబ్బాలో మీకు తోచింది వేయండి, వాళ్ళు సూది వైపు చూస్తున్నా సరే. శాలువా ఇప్పటికీ కాపలా గదిలో కిటికీ పక్కనే వేలాడుతోంది, గాలి వచ్చినప్పుడల్లా ఓ అంచు దిబ్బ వైపు లేస్తూ.