కంటి ఎంగిలి

మొయినాబాదులో నాట్లు మొదలయ్యాయంటే పసిపిల్లలంతా చర్చి అరుగు మీదికి చేరేవారు. తల్లులు పొలంలో దిగితే వాళ్ళను చూసుకునేది అంతమ్మ. పిల్లలు లేని మనిషి. ఆ నాట్ల రోజుల కోసమే ఏడాదంతా బతికేదంటే అబద్ధం కాదు.

ఆమెకు రెండు పట్టింపులు. ఒకటి ఎంగిలి. చెంబు ఎవరి మూతికైనా తగిలిందా, వాడి వీపు విమానం మోతే. రెండోది కాటుక. పొద్దున్నే పిల్లలను వరసగా కూర్చోబెట్టి, ఒక్క వేలితో ఈ చివర నుంచి ఆ చివర దాకా అందరి కళ్ళకూ దిద్దేది. వేలికి మిగిలింది తన కళ్ళకు. పారేయడానికి ప్రాణం ఒప్పదు కదా!

ఆ ఏడు రెండేళ్ళ ఎంకమ్మకు కండ్లకలక వచ్చింది. నాలుగు రోజుల్లో అరుగంతా ఎర్ర కళ్ళే. చేవెళ్ల దవాఖాన నుంచి నర్సు ప్రేమమ్మ వచ్చి చూసింది.

“అవ్వా, మళ్ల నేనొచ్చేసరికి తగ్గకపోతే అరుగు బంద్ చేయిస్త. అందరికీ అంటిస్తున్నది నీ వేలే.”

“నా కాటుకనంటవా? పోరగాండ్లకు దిష్టి తగల్తలేదంటే దాని పుణ్యమే!”

వాదించి లాభం లేదని ప్రేమమ్మ చెంబందుకుంది. మూతి పెట్టి గటగటా తాగి, అంతమ్మ చేతికిచ్చింది. “తాగవ్వా.”

“ఛీ! నీ ఎంగిలి నేను తాగాల్నా?”

“నా మూతి తగిల్తే ఎంగిలైంది. మరి ఎంకమ్మ కంట్ల పెట్టిన వేలు ఇంకొకని కంట్ల పెడ్తే ఎంగిలి కాదా?”

అంతమ్మ చెంబు పక్కన పెట్టి, నల్లబడ్డ తన వేలిని చూసుకుంది. మర్నాటి నుంచి “కంటెంగిలి!” అని ఒకటే కేకలు. కాటుక చుక్క అరికాలికి దిగింది. ఒకరి కళ్ళు తుడిచిన గుడ్డ ఇంకొకరికి తగిలితే ఊరుకునేది కాదు. పిల్లలకది ఆటైపోయింది.

వాళ్ళ కళ్ళు తేటబడ్డాయి. ఈసారి అంతమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. అన్నాళ్ళు మిగిలిన కాటుక ఎక్కడికి పోతుంది మరి!

ప్రేమమ్మ తిరిగొచ్చిన రోజు అంతమ్మ దూరంగా చింతచెట్టు కింద ఒంటరిగా కూర్చుంది. తన కళ్ళు చూసి అరుగు మూసేస్తారని భయం. ఇంతలో ఎంకమ్మ చేతులు చాచుకుంటూ ఆమె వైపే తప్పటడుగులు వేసింది. ఎత్తుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది. వద్దనడానికి నోరు రాలేదు.

“కంటెంగిలీ!” అరుగు మీది పిల్లలంతా ఒక్కసారే అరిచారు.

ఎంకమ్మ ఆగింది. చేతులు వెనక్కి పెట్టుకుని అక్కడే చతికిలబడింది.

ప్రేమమ్మ పడీ పడీ నవ్వింది. “అరుగు నడవనియ్ అవ్వా. నువ్వు మాత్రం కండ్లు తేటపడ్డంక రా.”

అంతమ్మకు ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకోబోయింది.

“అవ్వా, ఎంగిలి!” ఎంకమ్మ వేలు చూపించి గదమాయించింది.

అంతమ్మ కూడా చేతులు వెనక్కి పెట్టుకుంది.