పట్టాల మీద కుర్చీలు

టాన్‌యార్డ్ వీధిలో చలికాలం తెల్లవారిందంటే అద్దాలు గీకే చప్పుడే. ఇంటింటి ముందూ ఒక మనిషి పెద్ద కోటు తొడుక్కుని కారు అద్దం మీది మంచు గరగరా గీకుతూ ఉంటాడు. లోపల వెచ్చబడాలని ఇంజన్లు ముందే తిప్పి వదిలేస్తారు, ఆ పొగ వీధిలోనే తిరుగుతుంది. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. తలలూపుకుంటారు, ఎక్కుతారు, పోతారు. పాలకి కారే, మందులకి కారే, కొండ కింద కళ్ళెదురుగా కనిపించే చర్చికీ కారే, ఎందుకంటే అక్కడిదాకా నడవడానికి రోడ్డు పక్కన అడుగు పెట్టే చోటు లేదు.

ఆ గీకుడు మధ్యలోనే రోజూ ట్రాం వచ్చేది.

పై మలుపులో ఇప్పుడు టైర్ల కొట్టు ఉన్నచోట ఒకప్పుడు ట్రాముల కొట్టం ఉండేది. అక్కణ్ణించే మీగడ రంగూ ఎరుపూ కలిసిన బండి మెల్లగా దిగేది. దాన్ని రద్దుచేసి, తీగలు తెంపి, పట్టాల మీద తారు పోసి ఒక తరం దాటిపోయింది. ఆ సంగతి ట్రాంకి ఎవరూ చెప్పలేదు కాబోలు, రావడం మానలేదు. కరెంటు తీగని తాకాల్సిన నెత్తిమీది కర్ర ఉత్త గాలిని రాసుకుంటూ నిప్పురవ్వలు రాల్చేది. వచ్చి వచ్చి క్లెమ్ యూరిక్ ట్రక్కు ముందు ఆగేది. ట్రక్కు సరిగ్గా పట్టాలున్న చోటే ఉండేది. దాని తర్వాత ఇంకో కారు, ఆ తర్వాత ఇంకోటి, వీధి చివరిదాకా. డ్రైవరు గంట కొట్టి కాసేపు చూసి, ఎవరూ కదలకపోతే వెనక్కి నడుపుకుని వెళ్ళిపోయేవాడు. ఆ గంటకి పిల్లలు బడికి లేస్తారని తల్లులు అనుకునేవాళ్ళు. కుక్కలు మొరుగుతున్నాయని క్లెమ్ విసుక్కునేవాడు. అంతకు మించి దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

మార్లీన్ జుర్కోది క్లెమ్‌కి ఎదురిల్లు. షుగర్ ఆమె మూత్రపిండాల్ని ముందు తిన్నది, తర్వాత కళ్ళ మీద పడింది. వారానికి మూడుసార్లు నది అవతల ఆస్పత్రికి డయాలసిస్‌కి వెళ్ళాలి. చూపు ఉన్నన్నాళ్ళు తనే నడుపుకుంటూ వెళ్ళింది. చూపు తగ్గాక లైసెన్సు పోయింది, కారు అమ్మేసింది. అక్కడ కారు పోవడమంటే కాళ్ళు పోవడమే. కాకపోతే కాళ్ళు లేనివాళ్ళని చూసి జాలిపడతారు, కారు లేనివాళ్ళని చూసి ఏం తప్పు చేశావని అడుగుతారు.

కొన్నాళ్ళు బస్సుండేది. అదీ తీసేస్తామని రవాణా బోర్డు సభ పెట్టింది. మాట్లాడేవాళ్ళకి తలా రెండు నిమిషాలు. మార్లీన్ జన్మలో మైకు ముందు నిలబడ్డ మనిషి కాదు. అయినా లేచి అడిగింది. ట్రాం తీసేసినప్పుడు బస్సుందిగా అన్నారు. బస్సుని గంటకొకటి చేసి, జనం విసిగి కార్లు కొనుక్కునేదాకా ఆగారు. ఇప్పుడు కార్లున్నాయి కదా బస్సెందుకంటున్నారు. రోడ్డు వెడల్పు చేయాలంటే దొరికే సొమ్ము పట్టాలు వేయాలనేసరికి ఎక్కడికి పోతుంది? వెడల్పు చేసిన ప్రతి రోడ్డూ రెండేళ్ళకే మళ్ళీ నిండిపోయింది, కళ్ళు సరిగ్గా లేని నాకే అది కనబడుతోందే.

అధికారి చాలా మర్యాదగా విన్నాడు.

"మీ బాధ అర్థమైంది మేడమ్. కానీ మీ కొండ మీద అందరికీ సొంత బళ్ళున్నాయి. ఎక్కేవాళ్ళే లేరు."

"కాలు విరగ్గొట్టి, చేతికర్ర ఉందిగా అంటే ఎలాగయ్యా?" అంది మార్లీన్. అప్పటికే మైకు ఆపేశారు. ఆ మాట ముందు వరసకి కూడా వినపడలేదు. బస్సు తీసేశారు.

అదే నెలలో ఆస్పత్రిలో కొత్త మూత్రపిండం మాట వచ్చింది. ఆమె పేరు జాబితాలో ఎక్కిస్తామన్నారు. అయితే ఒక్క డయాలసిస్ కూడా తప్పకూడదు. పిలుపొస్తే ఏ వేళైనా సరే వెంటనే వచ్చి పడాలి. మిమ్మల్ని ఎవరు తీసుకొస్తారు, అది నమ్మకమైన ఏర్పాటేనా అని నర్సు అడిగింది. ఇరుగుపొరుగుని అడుగుతానంది మార్లీన్. చలికాలం అయ్యేదాకా చూస్తాం, ఏర్పాటు కుదరకపోతే పేరు ఎక్కించలేం అని నర్సు చెప్పింది. అంటే మార్లీన్ బతకాలో వద్దో తేల్చేది ఆమె ఒళ్ళు కాదు, ఆమె ఇంటి ముందు బండి ఉందా లేదా అన్నది.

ఇరుగుపొరుగు మంచివాళ్ళే. మొదట్లో నేను దింపుతానంటే నేను దింపుతానన్నారు. తర్వాత ఒకరికి డ్యూటీ మారింది, ఒకరి కారు మూలపడింది, ఒకరు ఫోనెత్తడం మానేశారు. పొద్దున్నే లేచి ఎవరిని బతిమాలాలా అని ఆలోచించడం మార్లీన్‌కి సూదులకంటే ఎక్కువ నొప్పిగా ఉండేది. చివరికి రోగుల్ని తీసుకెళ్ళే వ్యాను ఒకటి కుదిరింది.

దాన్ని కుర్చీ తినేసింది. ఆ కొండల్లో మంచు పడ్డాక ఎవరు తవ్వుకున్న చోటు వాళ్ళది. బండి తీసుకుని బయటికి పోతూ అక్కడ వంటింటి కుర్చీ ఒకటి పెట్టి పోతారు. దాన్ని దొంగ ముట్టడు, పోలీసూ ముట్టడు. కట్టుకున్నదాన్ని కొట్టినవాణ్ణి అయినా క్షమిస్తారేమో గానీ కుర్చీ జరిపినవాణ్ణి క్షమించరు. వ్యాను డ్రైవరు పైఊరివాడు. మార్లీన్‌ని ఎక్కించుకోవడానికని క్లెమ్ పెట్టిపోయిన కుర్చీని పక్కకి జరిపి వ్యాను ఆపాడు. అంతలో క్లెమ్ వచ్చాడు. ఆ తిట్లకి డ్రైవరు మళ్ళీ ఆ వీధిలోకి రానన్నాడు. వ్యాను వాళ్ళు మార్లీన్ పేరు కొట్టేశారు.

ఆ వారం ఆమెకి ఒక డయాలసిస్ తప్పింది. కాళ్ళు దుంగల్లా ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడక కుర్చీలోనే కూర్చుని రాత్రంతా గడిపింది. కిటికీలోంచి చూస్తే బయట మంచు కుమ్మరిస్తోంది. ట్రాం వచ్చి క్లెమ్ ట్రక్కు ముందు ఆగి ఉంది. దాని నుదుటి మీద నది అవతలి పేట పేరు పెద్ద అక్షరాలతో వెలుగుతోంది. అంత పెద్దవి కాబట్టి ఆమె కళ్ళకీ ఆనాయి. డ్రైవరు గంట కొట్టాడు. ఆ గంట ఇన్నేళ్ళుగా తననే పిలుస్తోందనీ, తను మాత్రం అందరిలాగే దాన్ని పట్టించుకోలేదనీ తట్టేసరికి మార్లీన్‌కి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

ఆ పూట మంచు ఇంకా పడుతుండగానే పనులకి పోవాల్సినవాళ్ళు పోయారు. పడుతుంటే తవ్వడం దండగని ఎవరూ చోటు తవ్వలేదు, కుర్చీ పెట్టలేదు. పెద్ద షాపుల ముందు కార్లు నిలిపే మైదానాలు శుభ్రం చేసే బేరం దొరికిందని క్లెమ్ కూడా ట్రక్కు ముందు మంచు తోసే రేకు బిగించుకుని పోయాడు. కాసేపటికి మంచు ఆగింది. మార్లీన్ బూట్లు పట్టని కాళ్ళకి ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని, పార పట్టుకుని, వీధిలోకి దిగి, పట్టాలున్న చోట తవ్వడం మొదలుపెట్టింది.

పక్కింటి ఒడెస్సా ప్రయర్ తలుపు తీసి చూసింది. ఆమె మార్లీన్ కంటే పెద్దది, నోరు ఇంకా పెద్దది.

"ఏమే, చావాలనుంటే ఇంట్లో వెచ్చగా చావొచ్చుగా?"

"చావాలని లేదు, అందుకే తవ్వుతున్నా. కుర్చీలుంటే పట్రా."

ఒడెస్సా లోపలికి వెళ్ళింది. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో కుర్చీ పట్టుకుని వచ్చింది. ఆ తర్వాత ఒక్కో తలుపూ తెరుచుకుంది. కూతుళ్ళు తాళాలు దాచేసిన ముసలాయన కోలరిక్ వచ్చాడు. హైవే అంచున లారీల గాలికి ఊగుతూ హోటలు పనికి నడిచిపోయే పిల్ల వచ్చింది. మూలింటి షాండ్రా పిల్లలిద్దరితో వచ్చి, తన కారు ఆకురాలు కాలం నుంచీ చచ్చిపోయి ఉందనీ, పరువు కోసం అలా వీధిలో నిలబెట్టుకున్నాననీ ఒప్పుకుంది. అందరూ కలిసి దాన్ని పక్క సందులోకి తోశారు. బళ్ళు లేనివాళ్ళు ఒక్క ట్రాంలో పట్టనంతమంది తేలారు. ఎక్కేవాళ్ళే లేరన్న అధికారిని తలుచుకుని మార్లీన్ ఒక్కో పారకీ ఒక్కో తిట్టు తిట్టింది. అలిసిపోయినప్పుడల్లా అక్కడే కుర్చీ మీద కూలబడింది. సాయంత్రానికి వీధి పొడుగునా నల్లటి దారి తేలింది, దాని మీద వంటింటి కుర్చీలూ, స్టూళ్ళూ, ఇస్త్రీ బల్లా, ఒక మేరీమాత బొమ్మా వరసగా నిలబడ్డాయి.

క్లెమ్ తిరిగొచ్చి హారన్ కొట్టాడు. ఎవరూ కదల్లేదు. కిందికి దిగాడు.

"ఇది నా చోటు మార్లీన్."

"తవ్వావా?"

"నలభై ఏళ్ళుగా పెట్టుకుంటున్నా."

"తవ్వావా అని అడుగుతున్నా. నేను తవ్వాను. చేతులు చూడు."

"నీకు బండే లేదు కదా, చోటెందుకే నీకు?"

"నా బండి రోజూ నీ ట్రక్కు ముందు ఆగి వెనక్కి పోతోంది."

క్లెమ్ కుర్చీ దగ్గరకి వచ్చి చెయ్యి చాచాడు. అది మార్లీన్ పెళ్ళినాటి కుర్చీ, పసుపు రేకుది. వీధంతా గుమ్మాల్లోంచి చూస్తోంది. కుర్చీ విషయంలో క్లెమ్ వాళ్ళ నాన్న తలలు పగలగొట్టినవాడు. క్లెమ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కొండ కింద చర్చి దగ్గర ట్రక్కు పెట్టి, అంత ఎత్తూ రొప్పుతూ, బూతులు తిడుతూ ఎక్కి వచ్చాడు. మిగిలినవాళ్ళూ అంతే. నడిచి రావడమంటే ఏమిటో ఆ వీధికి మొదటిసారి తెలిసింది.

మర్నాడు ట్రాం దిగేసరికి ఎవరి కుర్చీ వాళ్ళు తీసి పట్టుకున్నారు. గంట కొట్టాల్సిన పని డ్రైవరుకి పడలేదు. మార్లీన్ ముందు నిలబడి చెయ్యెత్తింది, ఆపాడు, ఎక్కింది. లోపల వెచ్చగా ఉంది. "వెనక్కి జరగండి, వెనక్కి జరగండి" అన్నాడు, రోజూ అనేవాడిలాగే. బండి దిగిపోయాక దాని వెనకే ఇంకొకటి వచ్చింది, దాని వెనక మరొకటి. మొదటిది ఆగిపోవడం వల్ల ఇన్నేళ్ళూ వెనక ఎన్ని ఆగిపోయాయో ఎవరూ లెక్కపెట్టలేకపోయారు.

ఇంకెప్పుడూ ఆమెకి డయాలసిస్ తప్పలేదు. ఎవరు తీసుకొస్తున్నారని నర్సు మళ్ళీ అడిగితే, ట్రాం అని చెప్పింది. ఎంతసేపటికొకటి ఉందని అడిగి, విని, నర్సు పేరు ఎక్కించింది. మంచు కరిగింది. కరిగాక కుర్చీలకి హక్కు లేదు. క్లెమ్ ఆ రోజు కోసమే కాచుకుని ట్రక్కు తెచ్చాడు. ఎదురుగా నిండా జనంతో ట్రాం నిలబడింది. కిటికీల్లోంచి అందరూ అతణ్ణే చూశారు. ట్రక్కు వెనక్కి తీసుకున్నాడు. మార్లీన్ అతణ్ణి క్షమించలేదు. బోర్డునీ క్షమించలేదు. పోయిన ఏళ్ళు ఎవరిస్తారని ఒడెస్సాతో అంటూనే ఉండేది.

వేసవిలో ఒక మధ్యాహ్నం పిలుపొచ్చింది. మూత్రపిండం దొరికింది, వెంటనే రమ్మన్నారు. ఒడెస్సా గుమ్మంలో నిలబడి వీధంతా వినపడేలా చెప్పింది. క్లెమ్ తాళాలు ఆడిస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"ఎక్కు, నేను తీసుకెళ్తా."

"ఆస్పత్రి దారిలో సొరంగం దగ్గర కార్లన్నీ నిలిచిపోయాయట, రేడియోలో చెప్పారు" అంది మార్లీన్. "నీ ట్రక్కులో నేను చస్తాను. సంచీ మోస్తావా, మొయ్యి."

ట్రాం వచ్చింది. ఆమె ఎక్కగానే హోటలు పిల్ల లేచి సీటిచ్చింది. క్లెమ్ సంచీ భుజాన వేసుకుని వెనకే ఎక్కి, తాళాలు జేబులో వేసుకుని, చుట్టూ చూశాడు. ఎక్కడా ఖాళీ లేదు. నది దాటి ఆస్పత్రి వచ్చేదాకా తోలు పట్టీకి వేలాడుతూ, నిలబడే వచ్చాడు.