కోడలు కోసిన తీగ

విమానం ఇంజనులో బోల్టులకి ఒక దుర్గుణం ఉంది. ఎంత బిగించినా, అదిరీ అదిరీ మెల్లగా వదులవుతాయి. అందుకని వాటి తలల్లో సన్నటి బెజ్జాలు పెట్టి, వాటిలోంచి ఉక్కు తీగ దూర్చి, మెలితిప్పి, పక్కపక్క బోల్టులని జంటగా కట్టేస్తారు. ఒకటి వదులవబోతే రెండోది దాన్ని బిగువు వైపుకే లాగుతుంది. మొగుడూ పెళ్లాల్లో ఒకరు తూలితే ఇంకొకరు రెక్క పట్టుకున్నట్టు. తీగ లాగే వైపు తప్పిందా, కట్టినా కట్టకపోయినా ఒకటే.

చిన్న విమానాలు బాగుచేసే ఆ షెడ్డులో మెలికలు వేయడంలో మామయ్యని మించినవాడు లేడు. కోడలికి ఆయన మామగారు, షెడ్డుకంతటికీ మెలికల మామ. ఇంట్లో మంచినీళ్లు కూడా ముంచుకు తాగని మనిషి, చేతికి మెలిక ప్లయరు వస్తే మాత్రం పాతికేళ్ల కుర్రాడైపోతాడు. ప్లయరు మూతితో తీగ కొసలు రెండూ కరిపించి, పిడి బిగించి, వెనకనున్న గుండీని సుతారంగా లాగితే ప్లయరు గిర్రున తిరుగుతుంది, తీగ జడలా అల్లుకుంటుంది. మిగిలిన కొసని కత్తిరించి, రేపు ఎవరి వేలికీ గుచ్చుకోకుండా లోపలికి వంచేస్తాడు. కత్తిరించిన ముక్కని జేబులో వేసుకుంటాడు. బట్టలుతికే రోజు అత్తయ్య పెట్టే శాపనార్థాలన్నీ ఆ ముక్కల గురించే.

పని చేసినవాడే ఆ పనిని పాస్ చేయకూడదని షెడ్డు నియమం. ఇంకొకరు చూసి ముద్ర వేస్తేనే విమానం బయటికి కదులుతుంది. పాత ఇన్‌స్పెక్టరు అందరి పనీ భూతద్దం పెట్టి చూసేవాడు కానీ, మామయ్య దగ్గరికొచ్చేసరికి, "మామ కట్టాక చూసేదేముందయ్యా!" అని భుజం తట్టి ముద్ర కొట్టేసేవాడు. మామయ్య మీసం ఆ పూటంతా పైకే ఉండేది. ఆ ఇన్‌స్పెక్టరు రిటైరయ్యాడు. పరీక్షలన్నీ నెగ్గి, ఆ ముద్ర ఇప్పుడు కోడలు సంపాదించుకుంది. ముద్ర వచ్చాక మామయ్య పని ఆమె ముందుకు రావడం ఇవాళే మొదలు.

"కానివ్వమ్మా, ఎండెక్కుతోంది," అని బయట పైలట్ తొందరపెడుతున్నాడు. నేల మీద కాలు నిలవదని అతన్ని అందరూ గాలిపటం అంటారు.

కోడలు ముందు వైపు నుంచి మొదలుపెట్టింది. ముందున్న జంటలన్నీ ముచ్చటగా ఉన్నాయి. వాటిని చూస్తుంటే ఆమెకే గర్వమనిపించింది. ఆ తర్వాత ఇంజను వెనక్కి వెళ్లింది. అక్కడ ఇంజనుకీ రేకు గోడకీ మధ్య చెయ్యి మాత్రమే దూరే సందు ఉంది. బోల్టు తలలు అటు తిరిగి ఉంటాయి కాబట్టి కంటికి కనిపించవు. "వెనక పని వేళ్లతో చూడాలమ్మాయ్," అని ఆమెకి నేర్పింది మామయ్యే. మోచేతి దాకా చెయ్యి దూర్చి, తీగ వెంట వేలు పోనిచ్చింది. ఒక జంట బాగుంది. రెండో జంట దగ్గర వేలు ఆగిపోయింది.

తీగ లాగుతున్నది వదులు వైపుకి.

మళ్లీ తడిమింది. తన వేలినే నమ్మలేక ఎడమ చేత్తో కూడా తడిమి చూసింది. సందేహం లేదు.

ఏం చేయాలి? కొయ్యకపోతే విమానం తప్పు తీగతో ఎగురుతుంది. కోస్తే, మెలికల మామ తీగ కోసిన మొదటి మనిషి సొంత కోడలవుతుంది, అదీ షెడ్డంతా చూస్తుండగా. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. పెళ్లైన కొత్తలో, "ఆడపిల్లకి గ్రీజు పనేమిటి?" అని అత్తయ్య ముక్కు మీద వేలేసుకుంటే, "చేతులకి ఆడా మగా ఏమిటే!" అని తన వెంట షెడ్డుకి తీసుకొచ్చింది ఈయనే. కట్టుకున్నవాడు కూడా అప్పట్లో అంత ధైర్యం చేయలేదు. పుట్టింట్లో తండ్రి దగ్గర లేని చనువు ఆమెకి ఈయన దగ్గర ఉంది. అది ఇవాళ్టితో పోతుందేమోనని ఆమెకి నిజంగా భయం వేసింది.

భయపడుతూనే పిలిచింది. "మామయ్యా, ఒక్కసారి ఇలా రండి."

మామయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, ముద్ర ఎక్కడ కొట్టాలో తెలియట్లేదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"వెనక రెండో జంట అటుదిటు పడింది మామయ్యా."

నవ్వులు ఆగిపోయాయి. మామయ్య మొహం ఎర్రబడింది.

"ఎవరు కట్టారనుకుంటున్నావ్? నా చెయ్యి ఎరగదా బిగువేదో, వదులేదో?"

"మీ వేలు పెట్టి చూడండి."

ఆయన వేలు పెట్టలేదు. పైజేబులోంచి పొడుగాటి కాడ ఉన్న బుల్లి అద్దం తీశాడు. దాన్ని సందులోకి దూర్చి, టార్చి వేసి, "ఇదిగో, నువ్వే చూడు. ఎంత చక్కగా ఉందో!" అన్నాడు.

కోడలు వంగి చూసింది. నిజమే, చక్కగానే ఉంది.

"అద్దంలో చూస్తేనే చక్కగా ఉంది మామయ్యా," అంది మెల్లగా. "అద్దంలో కుడి ఎడమైపోతుంది కదా."

మామయ్య అద్దం వంక చూశాడు, తన చేతి వంక చూశాడు. చివరికి ఆమెకి మాత్రమే వినిపించేలా అన్నాడు, "కొన్నాళ్లుగా వేళ్లకి తెలియట్లేదమ్మా. తీగ ముట్టుకున్నా గుడ్డ ముట్టుకున్నా ఒకేలా ఉంటోంది. అందుకే ఈ అద్దం కొనుక్కున్నా. అద్దం సంగతి గుర్తుపెట్టుకునే కడుతున్నా. ఈ జంట దగ్గర మరిచిపోయినట్టున్నా."

ఆమెకి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన పరువు ఇంకాస్త పోతుందని మింగేసుకుంది. కటింగ్ ప్లయరు లోపలికి పెట్టి, తీగని టక్కున కోసింది. ఆ చప్పుడు షెడ్డులో అందరికీ వినబడింది.

మామయ్య తల తిప్పుకుని, గబగబా నడిచి మేనేజరు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. కోడలు కోసిన ముక్క చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పని మానేస్తానని చెప్పడానికే వెళ్లాడనుకుంది. ఇంటికెళ్లి అత్తయ్యకి మొహమెలా చూపించాలో తోచలేదు.

తలుపు తెరుచుకుంది. మేనేజరు ముందు, మామయ్య వెనక. మేనేజరు గొంతు పెంచి, "చివరనున్న రెండు విమానాలూ ఎగరడానికి వీల్లేదు. వెనకవైపు విప్పండి," అన్నాడు.

"ఎవరు చెప్పారు సార్?" అన్నాడు గాలిపటం.

"నేనే చెప్పా," అన్నాడు మామయ్య. "ఇది కాక అద్దం పట్టుకుని కట్టినవి, పాత ఇన్‌స్పెక్టరు చూడకుండా ముద్ర కొట్టినవి ఆ రెండే. నా చేత్తో కట్టా, నా నోటితో చెబుతున్నా. విప్పించండి."

అంతమందిలో అంత మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో కోడలికి తెలుసు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం ఆయన. ఇంట్లో గోడ గడియారం తప్పు తిరుగుతోందన్నా ఒప్పుకోడు.

రెండూ విప్పారు. కోడలే వేలు పెట్టి చూసింది. ఒకదానిలో అన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండోదానిలో ఒక జంట తప్పింది. బోల్టులు బిగువుగానే ఉన్నాయి కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ విమానంలో నిన్ననే ఎగిరొచ్చిన గాలిపటం మాత్రం పక్కనున్న స్టూలు మీద కాసేపు కూర్చుండిపోయాడు.

తప్పిన తీగల్ని కోసి ఆ జంటలు మళ్లీ కట్టాలి. "నువ్వు కట్టమ్మా," అన్నాడు మామయ్య.

"నేను కడితే నేను చూడకూడదు కదా! మీరే కట్టండి. కట్టే ముందు ఆ బోల్టులు విప్పి, తల మీద బిగువు ఎటో పెయింటుతో బాణం గుర్తు పెట్టుకోండి. బిగించినా గుర్తు మారదు. అద్దంలో ఎలా కనబడ్డా బాణం వైపుకి లాగితే చాలు."

"ఈ మాట నాకెందుకు తట్టలేదే!" అన్నాడు మామయ్య. ఆ గొంతులో కోపం లేదు. బోల్టులు విప్పి తెచ్చి, బల్ల ముందు కూర్చుని, పిల్లవాడు బొమ్మలకి రంగులేసుకుంటున్నట్టు నాలుక బయటపెట్టి మరీ బాణాలు గీశాడు. బిగించాడు, కట్టాడు. ఆమె చెయ్యి దూర్చి అన్నీ తడుముతున్నంతసేపూ పక్కనే నిలబడ్డాడు. ఆమె ముద్ర కొట్టాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

ఇంటికొచ్చేసరికి కబురు వాళ్లకంటే ముందే చేరింది. గుమ్మంలోనే అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏమ్మా, నలుగురి ముందూ మామగారి తీగ కోసేశావట! చెవిలో చెబితే పోయేదేముంది? ఆయన పరువేం కావాలి?"

కోడలు తల దించుకుంది.

"నువ్వూరుకో," అన్నాడు మామయ్య చెప్పులు విప్పుతూ. "పరువట, పరువు! ఇన్నాళ్లూ నా పని ఎవరూ చూడకుండా వదిలేస్తుంటే అదే పరువనుకున్నా. మీసం మెలేసుకుంటూ తిరిగా. నిజానికి నేను కట్టింది కట్టినట్టు ఎవడైనా చూశాడా? వేలు పెట్టాడా? ఇవాళ ఈ పిల్ల ఒక్కతే మోచేతి దాకా చెయ్యి పెట్టి, నా పని మొదట్నుంచి చివరిదాకా చూసింది."

అత్తయ్య ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది.

"చూస్తే చూసింది. కోసినందుకు మీకు కోపం రాలేదా?"

"వచ్చింది. మేనేజరు గది దాకా నడిచేసరికి పోయింది," అన్నాడు మామయ్య. తర్వాత కోడలి వైపు తిరిగి, కాస్త సిగ్గుపడుతూ అడిగాడు.

"ఏమ్మా, ఆ ముందు వైపు జంటలు కూడా చూశావుగా. ఎలా ఉన్నాయి?"