డిచ్‌పల్లి చడావు

కాలువ గట్టు మీద రెండో తూము దాటేసరికి లక్ష్మీరాజానికి ఛాతీలో మళ్లీ ఆ మంట లేచింది. గొంతు కింద నిప్పుకణికలా మొదలై ఎడమ దవడ దాకా పాకింది. అతను పరుగు ఆపలేదు, అడుగు చిన్నది చేశాడు. జనవరి మంచు గట్టునీ కాలువనీ అవతలి చెరుకు తోటల్నీ కనబడకుండా కప్పేసింది. ఎక్కడో ఎడ్ల మెడగంటలు వినిపిస్తున్నాయి గాని బండ్లు కనిపించడం లేదు. చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి మడ్డి వాసన పుల్లగా వచ్చి గొంతులో దిగుతోంది.

మూడో తూము దగ్గర వెనక్కి తిరగడం అలవాటు. ఇవాళ అంతదూరం పోలేకపోయాడు. మోకాళ్ల మీద చేతులానించి నిలబడ్డాడు. యాభైకి దగ్గరపడ్డ సన్నటి మనిషి. చెంపలు లోపలికి పోయాయి, ముంగురులు నెరిశాయి, పిక్కలు మాత్రం పడుచువాడివిలా ముడులు తేలి ఉన్నాయి. అంత చలిలోనూ ముక్కు కొసన చెమట చుక్క వేలాడింది.

గట్టు కింద గడ్డి కోస్తున్న భూమన్న కొడవలి ఆపి చూశాడు. ఇద్దరూ ఒకప్పుడు ఫ్యాక్టరీలో పక్కపక్కన నిలబడి చెరుకు దింపినవాళ్లే.

"ఏంది రాజం, ఇయ్యాల ఈడనే ఆగినవ్?"

"ఏం లేదన్న. రాత్రి పప్పు తిన్న. గ్యాసు."

"మొఖం సున్నం లెక్క ఉన్నది. దవఖానల సూపియ్యి."

"ఆదివారం పోనీ, సూపిస్త."

లక్ష్మీరాజం నడుచుకుంటూ ఇంటిదారి పట్టాడు. గట్టు మీద అతను నడవడం భూమన్న ఎన్నడూ చూడలేదు. మంచులో కనబడకుండా పోయేదాకా అటే చూస్తూ ఉండిపోయాడు.

ఆదివారం నిజామాబాద్‌లో పెద్దవయసు వాళ్ల పరుగు. ఊళ్లో మొదలై డిచ్‌పల్లి దగ్గర ముగుస్తుంది. చివర్లో రోడ్డు మెల్లగా పైకి లేస్తుంది. ఆ చడావు ఎక్కినవాడికి గీత కనిపిస్తుంది. గెలిచినవాళ్లదే కాదు, గీత దాటిన ప్రతి మనిషి పేరూ తండ్రి పేరుతో కలిపి మైకులో చదువుతారు. పోయినేడు ఆ చడావు మీద లక్ష్మీరాజానికి ఊపిరి అందలేదు. నడిచాడు. గీత దగ్గరికి చేరేసరికి మైకు విప్పి ఆటోలో పెడుతున్నారు. ఎవరో చేతికి ఒక అరటిపండు ఇచ్చారు.

ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్లూ అతన్ని టోకెన్ నంబరుతోనే పిలిచేవారు. సైకిలు లేక, సైరన్ మోగితే ఊరి నుంచి గేటు దాకా ఉరికేవాడు. అలా పడ్డ అలవాటు అది. మనుషుల్ని తగ్గించినప్పుడు అతనూ బయటికొచ్చాడు. తెల్లవారుజామున కాళ్లు మాత్రం వాటంతట అవే లేచేవి.

ఇంట్లో శ్యామలమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మొగుడు గడపలో ఒక్క క్షణం ఆగడం, చెయ్యి రొమ్ము మీదికి పోయి దిగడం చూసింది. దారం చుడుతున్న వేళ్లు ఆగాయి.

"ఏమయ్య, గట్లెందుకు పట్టుకున్నవ్?"

"సలికి."

"మీ బాపు గూడ గట్లనే రొమ్ము పట్టుకొని కూసున్నడట. అత్త చెప్తుండె."

"బాపుకు తాగుడుండె. నాకేమున్నది?"

"ఈసారి పోకు. నా మాట ఇను. నిన్నెవలు పిలిసిండ్రు ఆడికి?"

అతను చాయ్ గ్లాసు అందుకున్నాడు. మైకు సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. చెబితే నవ్వదని తెలుసు. అయినా చెప్పడానికి సిగ్గు. చాయ్ సగం తాగి గ్లాసు కింద పెట్టాడు. ఆమె లేచి వచ్చి పొగాకు వాసన కొట్టే అరచేతిని అతని నుదుటి మీద పెట్టింది. నుదురు చల్లగా, జిగటగా తగిలింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

ముష్తాక్ జిమ్ము బోధన్ బస్టాండు దగ్గర బట్టల దుకాణం పైన ఉంది. పొద్దున తలుపు తీయడం, ఊడవడం, అద్దాలు తుడవడం, చెమట పట్టిన బెంచీల మీద గుడ్డ వేయడం లక్ష్మీరాజం పని. కిటికీ పక్కన హైదరాబాద్ నుంచి తెచ్చిన పాత ట్రెడ్‌మిల్లు ఉంది. దాని పట్టాకు ఒకచోట అతుకు. తిరిగినప్పుడల్లా ఆ అతుకు కింద ఏదో కొట్టుకున్నట్టు 'టప్' మంటుంది.

చెరుకు సీజనులో రోడ్లన్నీ లారీలే. మంచులో పక్కకు జరిగే చోటుండదు. గట్టు మీద ఎత్తులేదు. అందుకని మధ్యాహ్నం జిమ్ము ఖాళీగా ఉన్నప్పుడు ఈ మెషిన్ మీద ఉరకమని ముష్తాకే చెప్పాడు.

"బయట నేలను మనం నెట్టాలె. దీని మీద నేలనే ఎనకకు పోతది, గాలి గూడ ఎదురు రాదు," అన్నాడు మొదటిరోజు. "అందుకే జర చడావు పెట్టుకో. అప్పుడు బయటితోటి బరాబర్."

గట్టు మీద కాళ్లు, మెషిన్ మీద ఊపిరి. అలా రెండూ కలిపి వానలు వెనకబట్టినప్పటి నుంచి సాధన చేస్తున్నాడు. మంట మొదలైంది మాత్రం ఈ వారమే.

ఇవాళ శుక్రవారం. ముష్తాక్ తెల్లటి టోపీ జేబులో పెట్టుకుని నమాజుకు బయల్దేరుతూ తలుపు దగ్గర ఆగాడు.

"రాజం భాయ్, ఇయ్యాల మెషిన్ ఎక్కకు. పందెం ముందర కాళ్లకు ఆరాం ఉండాలె."

"సరే భాయ్."

"వాదా? మాట ఇస్తున్నవా?"

"వాదా."

మెట్ల మీద చెప్పుల చప్పుడు దిగిపోయింది. లక్ష్మీరాజం చివరి అద్దం తుడిచి, అందులో తన ముఖాన్ని చూసుకోకుండా గుడ్డ మడిచాడు. గట్టు మీద పడితే నలుగురూ చూస్తారు. పందెంలో పడితే ఊరంతా చూస్తుంది. ఇక్కడ ఎవరూ లేరు. డిచ్‌పల్లి చడావు ఇక్కడ ఒక్కసారి ఎక్కగలిగితే ఇది ఉత్త గ్యాసే. ఎక్కలేకపోతే... ఆ సగం ఆలోచన అక్కడే వదిలేశాడు.

తువ్వాలు నడుముకు బిగించాడు. పరుగయ్యాక నోట్లో వేసుకుందామని తెచ్చుకున్న బెల్లం ముక్కను కాగితం విప్పి కిటికీ గూట్లో పెట్టాడు. మీట నొక్కాడు.

పట్టా కదిలింది. టప్. కిటికీలోంచి చెరుకు లారీల వరస కనిపిస్తోంది. అవి ఆగి ఉన్నాయి, అతను ఉరుకుతున్నాడు. కాసేపటి తర్వాత కూడా లారీలూ అతనూ ఉన్నచోటే. ముందుభాగం ఎత్తు పెంచాడు. మంట వచ్చింది. గొంతు, దవడ, తర్వాత ఎడమ చెయ్యి మోచేతి దాకా. పళ్లు బిగించాడు. ఇంకొంచెం ఎత్తు. టప్, టప్. అరికాళ్ల కింద నేల జారిపోతోంది, చడావు మాత్రం తరగడం లేదు. కళ్లలోకి చెమట దిగి లారీలు మసకబారాయి.

ఉన్నట్టుండి మంట పోయింది. ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది. ఛాతీ తేలికైంది, కాళ్లకు బరువు లేదు. లక్ష్మీరాజం చిన్నగా నవ్వాడు.

ముష్తాక్ తిరిగొచ్చేసరికి కరెంటు లేదు. మెట్ల మీదే అతనికి నిశ్శబ్దం తేడాగా తోచింది. లోపల లక్ష్మీరాజం ట్రెడ్‌మిల్లు పక్కన గోడకు వీపానించి కూర్చున్నాడు. ఒక కాలు చాపి, ఒక కాలు ముడిచి, గడ్డం రొమ్ము మీదికి వాల్చి, అలసిపోయి కునుకు తీస్తున్నవాడిలా ఉన్నాడు.

"వాదా చేస్తివి గదా, రాజం భాయ్," అంటూ భుజం తట్టాడు. బనీను ఇంకా తడిగానే ఉంది. దాని కింది ఒళ్లు చల్లగా ఉంది.

ఎదురింటి డాక్టరు వచ్చి కనురెప్పలెత్తి చూసి, తల అడ్డంగా ఊపి మెట్లు దిగిపోయాడు. శ్యామలమ్మ వచ్చింది. వేళ్లకు పొగాకు ధూళి అలాగే ఉంది. ఏడవలేదు. మొగుడి కాళ్ల దగ్గర కూర్చుని, ఇంకా గట్టిగానే ఉన్న పిక్కల మీద చెయ్యి వేసింది. తలెత్తి అడిగింది.

"ఎంత దూరం ఉరికిండు?"

దూరం చూపించే అంకెలు ఆరిపోయి నల్లబడిన మెషిన్ అద్దం వైపు ముష్తాక్ చూశాడు.

"తెల్వది భాభీ. కరెంటు పోతే అది అన్నీ మర్చిపోతది."

ఆమె తల ఊపింది. కింది దుకాణం వాళ్లు వచ్చి అతన్ని తువ్వాలుతో సహా ఎత్తారు. మెట్లు ఇరుకు. మలుపు దగ్గర మెల్లగా, మెల్లగా అనుకుంటూ దింపారు. ముష్తాక్ వెనకే దిగాడు. తలుపు వేయడం ఎవరికీ గుర్తుకు రాలేదు.

కొంతసేపటికి కరెంటు వచ్చింది. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరిగింది. కిటికీ గూట్లో కాగితం రెపరెపలాడింది. దాని మీది బెల్లం ముక్కకు అప్పటికే ఒక పక్కన నల్లగా చీమలు పట్టాయి.