తొమ్మిది డిగ్రీల తగ్గుదల

ఒళ్లంతా గీతలు, కడుపులో పాదరసం ఉన్న గాజు థర్మామీటర్‌ని నేను. నా గీతల పక్కన ఫారెన్‌హీట్ అంకెలే ఉన్నాయి. సెల్సియస్ అంకెలు కూడా వేయించుకుని పుట్టిన తమ్ముళ్లు నాకున్నారట. నన్ను గీసినాయన ఎందుకో ఒక వైపుతోనే సరిపెట్టాడు. పాదరసానికి ఈ గొడవ పట్టదు. వేడి తగిలితే లేస్తుంది, చల్లబడితే దిగుతుంది. ఒకే వేడికి మనుషులు ఇన్ని రకాల అంకెలు ఎందుకు పెట్టుకున్నారో నాకిప్పటికీ అర్థం కాదు.

మదనపల్లె వైపు ఒక చిన్న పట్టు పరిశోధన కేంద్రంలో, పురుగులను పెంచే గది గోడకు ముప్పై ఏళ్లు వేలాడాను. అక్కడ నాకు దగ్గరివాడు టెక్నికల్ అసిస్టెంట్ ఓబులేసు. నన్ను చూసేటప్పుడు మోకాళ్లు కొంచెం వంచి, కళ్లు పాదరసానికి సరిగ్గా ఎదురుగా తెచ్చుకుని, ఊపిరి నా మీద పడకుండా బిగబట్టేవాడు. అంత మర్యాద నాకింకెవరూ ఇవ్వలేదు. అతనికి ఒక అలవాటుంది. కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టకముందు ఒకసారి, కట్టాక ఒకసారి నన్ను చూసి, తీసివేత మనసులోనే చేసుకుని, ఎంత తగ్గిందో అదొక్కటే నోటుబుక్కులో రాసేవాడు. తొమ్మిది అని రాశాడంటే గది తొమ్మిది ఫారెన్‌హీట్ డిగ్రీలు చల్లబడిందన్నమాట.

ఆ నోటుబుక్కు ముందు పెట్టుకుని శాస్త్రవేత్త హైమావతి ఒక వ్యాసం రాసింది. ఎండాకాలంలో పట్టుపురుగులను ఈ తడి పట్టాలు ఎంతవరకు కాపాడతాయన్నది విషయం. అది అచ్చయితే ఆమెకు ప్రమోషన్. రైతులకు పంచే కరపత్రం కూడా దాన్నిబట్టే. ఫారెన్‌హీట్ మేం అచ్చు వేయం, అన్నీ సెల్సియస్‌లో ఇవ్వండని పత్రికవాళ్లు రాశారు. హైమావతి కంప్యూటర్‌లో సూత్రం పెట్టింది: ముప్పైరెండు తీసెయ్, అయిదుతో హెచ్చించు, తొమ్మిదితో భాగించు. గది వేడికి అది సరైన సూత్రమే. తగ్గుదలకు మాత్రం ముప్పైరెండు తీయకూడదు, ఒక అంకెలోంచి ఇంకో అంకె తీసేసినప్పుడే అది పోయింది. ఆ ఊపులో ఆమెకది తట్టలేదు. తొమ్మిది కాస్తా మైనస్ పన్నెండు పాయింట్ ఎనిమిది అయి కూర్చుంది. మైనస్ చూసి కంగారుపడాల్సింది పోయి ఆమె సంబరపడింది. తగ్గింది కాబట్టే మైనస్ వచ్చిందనుకుంది.

మొదట నవ్వొచ్చింది నాకు, తర్వాత భయం వేసింది. నలభై డిగ్రీల ఎండలో రైతు ఆ కరపత్రం నమ్మి పట్టాలతో సరిపెట్టుకుంటే, ఇరవై ఏడు ఉంటుందనుకున్న గదిలో ముప్పై అయిదు ఉంటుంది. పురుగులు దక్కవు.

అచ్చుకు ముందు చివరిసారి చూడమని వ్యాసం తిరిగొచ్చిన రోజు, హైమావతి ఆ అంకెను ఓబులేసుకు సంతోషంగా చెప్పింది.

“ఆ గదిలో ముప్పై ఏండ్లుగా నిలబడతా ఉండాను మేడమ్. అంత చల్లబడేదుంటే పురుగుల కంటే ముందు నేను దుప్పటి కప్పుకోవాల,” అన్నాడు.

లెక్క కంప్యూటర్ వేసిందని ఆమె చిరాకుపడింది. ఓబులేసు వాదించలేదు. స్టోర్‌లోంచి సెల్సియస్ థర్మామీటర్ తెచ్చి నా పక్కన తగిలించాడు. నేను తొంభై అయిదు చూపించాను, అది ముప్పై అయిదు చూపించింది. పట్టాలు తడిపి కట్టి గంట ఆగారు. నేను ఎనభై ఆరుకు దిగాను, అది ముప్పైకి దిగింది. నా తగ్గుదల తొమ్మిది, దానిది అయిదే. హైమావతి మా ఇద్దరినీ ఎన్నిసార్లు మార్చి మార్చి చూసిందో లెక్కలేదు. ఆమె ముఖం చూస్తే జాలేసింది.

ఎవరూ పట్టుకోరులే అని ఆమెకూ అనిపించే ఉంటుంది. సాయంత్రం దాకా ఆ గదిలోనే కూర్చుంది. చివరికి ఓబులేసుతో, “అయిదనే రాస్తాను. ఒక్క పట్టాలే చాలవని కూడా రాస్తాను,” అంది.

తగ్గుదల మరీ చిన్నదని పత్రికవాళ్లు వ్యాసం వెనక్కి పంపారు. కరపత్రం మాత్రం అయిదుతోనే వెళ్లింది. సెల్సియస్ థర్మామీటర్ గోడ మీదే ఉండిపోయింది, నన్ను హైమావతి గదిలోని అద్దాల బీరువాలోకి చేర్చారు.

మే నెలలో చెన్నమ్మ అనే రైతు బుట్టెడు పట్టుగూళ్లతో వచ్చింది. కరపత్రంలో ఉన్నట్టు పట్టాలతో పాటు కప్పు మీద కొబ్బరి మట్టలు కూడా పరిచిందట. ఒక గూడు తీసి హైమావతి చేతిలో పెట్టింది. హైమావతి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల పురుగు బాగుంటే గూడు గలగలమంటుంది. అది గలగలమంది.

ఆ ఏడు ప్రమోషన్ జాబితాలో ఆమె పేరు లేదు. ఆ జాబితా బల్ల మీదే పడి ఉంది. ఆమె మాత్రం గూడు తర్వాత గూడు తీసుకుని, ఊపి వింటూ నిలబడింది.