ముల్లంగి పక్కన ఫొటో

నేను ఒక చేతిసంచిని. నా మాటలు కాగితం మీద పెడుతున్నది నన్ను కుట్టిన పోలమ్మ. యాభై ఏడేళ్ళకు అక్షరాలు దిద్దిన చెయ్యి అది. ఒత్తులు తప్పుతాయి, ఒక్కో పంక్తికి ఒక పూట పడుతుంది. విసుక్కోకుండా చదవండి.

మొదట నేను నీలం గళ్ళ లుంగీని. పోలమ్మ భర్త సన్యాసినాయుడు బొబ్బిలి హోటళ్ళలో వంట చేస్తూ నన్ను చిరిగేదాకా కట్టాడు. తర్వాత జపాన్‌లో, నగోయాలో మనవాళ్ళు పెట్టిన హోటల్లో పని దొరికి వెళ్ళాడు. రెండేళ్ళకు భార్యనూ రమ్మన్నాడు. ప్రయాణానికి ముందురోజు ఆమె నన్ను కత్తిరించి సంచిగా కుట్టింది. పాతబడిన మనుషుల్ని మూలన కూర్చోబెడతారు; నన్ను మాత్రం విమానం ఎక్కించారు.

మా సంతలో బేరం కుదరగానే నేను నోరు తెరిచేదాన్ని. తూకం పళ్ళెంలోంచి వంకాయలు నేరుగా నా ఒళ్ళోకి దొర్లేవి, వెనకాలే కొసరుగా కరివేపాకు. అక్కడి దుకాణంలో బేరం లేదు, కొసరు లేదు. సరుకంతా వాళ్ళ బుట్టలోనే వెయ్యాలి. బిల్లు రాసే అమ్మాయి ఒక్కొక్కటీ పసిపిల్లను దించినట్టు ఇంకో బుట్టలోకి దించి, నడుం వంచి దండం పెడుతుంది. ఆ తర్వాత పక్క బల్ల మీద ఎవరి సంచి వాళ్ళే సర్దుకోవాలి. అందాకా నేను పోలమ్మ చంకలో మడతపడి ఉండేదాన్ని.

"వాసన సూద్దామంటే టమాటాకి కూడా సొక్కా తొడిగేసినారు" అనేది పోలమ్మ.

మొదటిరోజే ముల్లంగి గుట్ట పక్కన ఒక ముసలాయన ఫొటో కనిపించింది. కింద ఏవో అక్షరాలు. పోలమ్మ చెప్పులు విడిచి దండం పెట్టింది.

"పాపం, ఎప్పుడు పోయినాడో. దండైనా ఎయ్యలేదేటి?"

సన్యాసినాయుడు నవ్వు ఆపుకోలేక నన్ను నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! బతికున్నోడేనే. ఆ ముల్లంగి పండించినోడు. కిందున్నది ఆడి పేరు."

"బతికున్నోడికి ఫొటో ఎందుకు?"

"ఎవుడి సేతిదో తినేవోలకి తెలియాల కదా. నాను రోజుకి వందమందికి వండుతున్నాను, నా ఫొటో ఎవుడెడతాడు?"

"నానెడతానులే" అంది పోలమ్మ.

ఏడాది తిరగకుండానే అతని కాలేయం చెడింది. ఆస్పత్రి తిండి నోటికి పోలేదు. "బెండకాయ ఏపుడు తినాలనుందే" అన్నాడు. పోలమ్మ మొదటిసారి ఒంటరిగా దుకాణానికి నన్ను తీసుకెళ్ళింది. బెండకాయలు చిన్న చిన్న వలల్లో కట్టి ఉన్నాయి. లేతవో ముదురువో తెలియాలి కదా! సంతలో చేసినట్టే వల మీంచే కొసలు తుంచింది. మూడో కాయకి దుకాణంలో పనిచేసే ఆవిడ పరుగున వచ్చింది. పోలమ్మ నన్ను చంకలో అదిమిపట్టింది. ఆవిడ తిట్టలేదు. కాయల్లోనే లోపముందనుకుందో ఏమో, మెల్లగా ఏదో అని, వంగి దండం పెట్టి, తుంచినవి తీసుకుని కొత్త వల చేతికిచ్చింది. తిట్టినా బాగుండేదని పోలమ్మ దారంతా ఏడ్చింది.

వేపుడు డబ్బా నేనే ఆస్పత్రికి మోశాను. సంగతి విని అతను నవ్వాడు.

"జపాన్లో బెండకాయ కొసలు తుంచిన ఆడది నువ్వొక్కతివేనే."

రెండు ముక్కలు తిన్నాడు. మూడోది మింగలేకపోయాడు. ఐదోరోజున పోయాడు.

తిరుగు ప్రయాణానికి ముందు పోలమ్మ మళ్ళీ ఆ దుకాణానికి వెళ్ళింది. ఏమీ కొనలేదు. ముల్లంగి ముసలాయన ఫొటో ముందు నిలబడి, కింది అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. నేను ఖాళీగా వచ్చాను.

బొబ్బిలిలో మరిది తన అన్న ఫొటోకి ఫ్రేము కట్టించి, గోడకి తగిలించి దండ వేశాడు. దినాలు కాగానే పోలమ్మ దాన్ని దించి, దండ తీసేసి, వంటింట్లో కూరల బుట్ట పక్కన నిలబెట్టింది.

"ఇదేటొదినా? నలుగురూ ఏటనుకుంతారు?" అన్నాడు మరిది.

"కింద పేరొక్కటే తక్కువ" అంది.

ఆ పేరు కోసమే సాయంత్రపు బడికి వెళ్ళింది. నేను పలక మోశాను. పంతులమ్మ అ, ఆ మొదలుపెడితే "ముందు మా ఆయన పేరు నేర్పమ్మా" అంది. ఆ ఒక్క పేరుకి నాలుగు నెలలు పట్టింది.

ఇప్పుడు నా అడుగు చిరిగింది. వంటింటి మేకుకి వేలాడుతున్నాను. ఎదురుగా ఫొటో, కింద అట్టముక్క మీద వంకర అక్షరాలు. మొన్న పక్కింటికి కొత్తగా వచ్చిన కోడలు కరివేపాకు కోసం వచ్చింది.

"ఈ తాత ఎవులు మామ్మా?"

"మా ఆయన. బాగా వండుతాడు."

"ఇంట్లో లేడేటి?"

అడిగినదానికన్నా పోలమ్మ రెండు రెమ్మలు ఎక్కువే తుంచి ఇచ్చింది.

రొంగలి పోలమ్మ, వయసు అరవై ఒకటి. ఉండేది బొబ్బిలిలో, మరిది ఇంటి వెనక గదిలో.